రిమోట్‌లో సెల్స్ మూడు వారాలు కూడా రావట్లేదు, బాక్సు గానీ కరెంటు లాగేస్తోందా?

మల్కాజిగిరి_మురళి
డిష్ రిమోట్‌తో ప్రాణం విసిగిపోయింది. ఫిబ్రవరిలో కొత్తది కొన్నాం. అప్పట్నుంచి ఇప్పటికి తొమ్మిది జతల సెల్స్ మింగింది. నోటిలెక్క కాదు, మా ఆవిడ పాల క్యాలెండర్‌లో గుర్తులు పెట్టింది. ఏ జతా మూడు వారాలు దాటలేదు. ఇదొక బాధ. రెండో బాధ ఏంటంటే, కొత్త సెల్స్ వేసిన రోజు కూడా ఒక్కోసారి ఎంత నొక్కినా పలకదు. అరచేతిలో రెండు దెబ్బలు వేస్తే పలుకుతుంది. గంటకి మళ్ళీ మౌనవ్రతం.

మా నాన్నకి 74. సాయంత్రం ఆరింటి నుంచి పదిన్నర దాకా టీవీ ఆయనదే. మోకాళ్ళ నొప్పులతో మాటిమాటికీ లేచి బాక్సు దగ్గరికి వెళ్ళలేరు, నన్ను పిలుస్తారు. నేను ఇంట్లోంచే పని చేస్తాను. మీటింగ్ మధ్యలో "ఒరేయ్, వార్తలు పెట్టు" అనే కేక మా మేనేజర్‌కి కూడా అలవాటైపోయింది.

కస్టమర్ కేర్‌కి చేస్తే మొదట బాక్సు ఆపి మళ్ళీ వేయమన్నారు. వేశాం. తర్వాత కొత్త రిమోట్ కొనుక్కోండి, మనిషి రావాలంటే విజిట్ ఛార్జి వేరే అన్నారు. దీనికి ముందున్న రిమోట్ కూడా సరిగ్గా ఇలాగే చచ్చింది. ఇది చూడ్డానికి బాగానే ఉంది. వెనక మూత కొక్కెం విరిగితే రబ్బరు బ్యాండు వేశాం, అంతకుమించి దెబ్బ లేదు, బటన్ల మీద అంకెలు కూడా చెరగలేదు. వరసగా రెండు రిమోట్లకీ ఇదే జబ్బంటే తప్పు బాక్సుదేనని నా అనుమానం. అదే ఏదో రకంగా రిమోట్‌లోంచి కరెంటు లాగేస్తోందా?

ఇరానీ_చాయ్
బాక్సు రిమోట్‌లకెల్లి కరెంటు గుంజుతదా? అన్నా, గీ మాట ఇంకెక్కడ అనకు. రేపు పొద్దుగాల వరకు వాట్సాప్‌ల తిరుగుతది, "డిష్ పెట్టుకున్నోళ్ళు జర జాగ్రత్త" అని.

మల్కాజిగిరి_మురళి
నవ్వండి నవ్వండి. సెల్స్ కొన్నది నేను.

సోల్డరింగ్_సుబ్బు
లాగదు. రిమోట్ నుంచి బాక్సుకి వెళ్ళేది వెలుతురు ఒక్కటే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. మనం టార్చి వేస్తే ఎదుటి గోడ టార్చిలోంచి కరెంటు లాగుతుందా? ఇదీ అంతే. నొక్కనంతసేపూ రిమోట్‌లోని చిప్ నిద్రపోతుంది, అప్పుడు అది తినేది మైక్రోఆంపియర్లలో. నొక్కినప్పుడే ముందున్న ఎల్ఈడీ సెకనుకి దాదాపు 38 వేల సార్ల చొప్పున మిణుకుమంటుంది. ఖర్చంతా అక్కడే. మామూలు ఇంట్లో రెండు ఏఏఏ సెల్స్ ఆర్నెల్లయినా రావాలి, ఏడాది వచ్చినా ఆశ్చర్యం లేదు. మూడు వారాలంటే సెల్స్ నాసివైనా అయ్యుండాలి, లోపల చెమ్మ చేరి లీకేజీ అయినా ఉండాలి, ఏదో బటన్ ఎప్పుడూ నొక్కుకునైనా ఉండాలి. ఏ సెల్స్ వేస్తున్నారు?

మల్కాజిగిరి_మురళి
కిందున్న కిరాణా కొట్టులోవే. జత ఇరవై చిల్లర. బటన్లన్నీ నొక్కి చూశా, చక్కగా లోపలికి పోయి పైకి వస్తున్నాయి.

సైనిక్‌పురి_పాతకాపు
దొంగ దొరికాడు. ఇరవై రూపాయల జత అంటే జింక్ కార్బన్. గోడ గడియారానికి పనికొస్తాయి, రిమోట్‌కి కాదు. పైన "ఆల్కలైన్" అని రాసి ఉన్నవి కొనండి. ఏఏఏ సైజులో ఆల్కలైన్ దాదాపు 1000 మిల్లీఆంపియర్ అవర్స్ ఇస్తుంది, జింక్ కార్బన్ అందులో సగం ఇస్తే గొప్ప. పైగా కొట్టులో ఎన్నేళ్ళ నుంచి వేలాడుతున్నాయో. చిప్స్ ప్యాకెట్ల మధ్య, ఎండ తగులుతూ.

ఉప్పల్_స్పిన్నర్
సగం అనుకుందాం పాతకాపు గారూ. మా ఇంట్లోనూ అవే ఇరవై రూపాయల సెల్స్. పోయిన సంక్రాంతికి వేసినవి ఇంకా నడుస్తున్నాయి. సగమైతే మూడు నెలలు రావాలి, మూడు వారాలు కాదు.

సైనిక్‌పురి_పాతకాపు
మీ ఇంట్లో టీవీ చూసేవాళ్ళు లేరేమో.

ఉప్పల్_స్పిన్నర్
మా అమ్మ ఉంది. ప్రకటన రాగానే చానల్ మార్చేస్తుంది, అవతల చానల్లో ప్రకటన వస్తే మళ్ళీ ఇవతలికి. గంటకి అరవై నొక్కులు ఎటూ పోవు.

లాలాపేట_లక్ష్మి
మా ఇంట్లో సెల్స్ అయిపోతే పారేయం. మేడ మీద వడియాల పళ్ళెం పక్కన ఓ పూట ఎండబెడతా. ఇంకో వారం పది రోజులు వస్తాయి. మా అత్తగారు నేర్పిన విద్య, రేడియో రోజుల నుంచీ ఉంది.

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్
ఎండబెట్టి, తర్వాత నూనెలో వేయిస్తారాండి?

ఇరానీ_చాయ్
పప్పుచారుల నంజుకోనీకి మస్తుగుంటయి.

సోల్డరింగ్_సుబ్బు
నవ్వకండి, ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుంది, అడుగూబొడుగూ ఉన్నది బయటికొస్తుంది. కొత్త శక్తి ఏమీ పుట్టదు, గిన్నె వంచి గీరడం లాంటిది. కానీ ఎండలో పెట్టిన పాత సెల్ కారే ప్రమాదం ఎక్కువ, అది రిమోట్‌లో కారిందంటే స్ప్రింగులు తినేస్తుంది. అందుకే వద్దంటాను.

లాలాపేట_లక్ష్మి
వేయించను లెండి. నలభై ఏళ్ళుగా ఒక్క రిమోట్టూ, ఒక్క రేడియో కూడా పాడవలేదు మా ఇంట్లో.

అంబర్‌పేట్_నైట్‌డ్యూటీ
మేం చిన్నప్పుడు పళ్ళతో కొరికేవాళ్ళం. సెల్ మీద సొట్ట పడితే పవర్ వస్తదని నమ్మకం. మా తమ్ముడి ముందు పన్ను వంకర అందుకే.

కోఠి_కాకా
గిన్ని లొల్లులు ఎందుకు. కోఠిల గుజరాతీ గల్లీకి పో. రిమోట్ల దుకాన్లు వరుసగుంటయి. పాత రిమోట్ ఎంబడి తీస్కపో, చేతిల వట్టి సూడంగనే గసొంటిదే తీసి ఇస్తరు. నూరు నూటయాభైల పనైతది. ఒక్కటే మాట: పైసలిచ్చే ముంగటనే సెల్స్ ఏపిచ్చి ఫోన్ కెమెరాల సూడు. ఎల్ఈడీ ఊదా రంగుల మెరుస్తే తీస్కో, లేకుంటే పక్క దుకానానికి పో. బండి మీద పోకు, పెట్టనీకి జాగ దొరకది. మెట్రోల ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ల దిగి నడువు.

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్
గల్లీ రిమోట్లు చూడ్డానికి అచ్చం అసలు వాటిలాగే ఉంటాయండి. నాలుగు నెలలకి ఓకే బటన్ కిందున్న నల్ల పూత పోతుంది. తర్వాత ఓకే తప్ప అన్నీ పనిచేస్తాయి. ఓకే లేని రిమోట్ ఎందుకు? మావాడు సిగరెట్ పెట్టెలో వెండికాగితం చిన్న ముక్క కోసి ఆ రబ్బరు బుడిపెకి అంటించాడు. ఏడాది నడిచింది. అంతకన్నా బాధేంటంటే, ఇంట్లో సిగరెట్ పెట్టె ఎక్కణ్ణుంచి వచ్చిందని మా ఆవిడ ఆ ఏడాదంతా అడిగింది.

సోల్డరింగ్_సుబ్బు
వెండికాగితం కన్నా ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడాలి. సిలికాన్ రబ్బరులోంచి కాలం గడిచేకొద్దీ నూనె లాంటిది ఊరుతుంది, సగం "అరిగిపోయిన" బటన్లు నిజానికి జిడ్డు పట్టినవే. కాటన్‌కి తడి అంటించి బోర్డు మీది నల్లటి గళ్ళూ రబ్బరు బుడిపెలూ మెల్లగా తుడవాలి. గట్టిగా రుద్దితే ఆ పూతే పోతుంది. రిమోట్ విప్పేటప్పుడు స్క్రూలు ఒకటో రెండో సెల్స్ అడుగున దాక్కుంటాయి. మిగతా చుట్టూ కొక్కేలే, పాత ఏటీఎం కార్డు దూర్చి తిప్పితే విడిపోతాయి.

మురళి గారూ, కాకా చెప్పిన కెమెరా పరీక్ష మీరు చేశారా? ముందు కెమెరాతో, సెల్ఫీది. చాలా ఫోన్లలో వెనక కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టరు గట్టిగా ఉంటుంది, అందులో ఏమీ కనపడక మనం రిమోట్ పోయిందనుకుంటాం.

మల్కాజిగిరి_మురళి
ఇప్పుడే చూశా. వెనక కెమెరాలో ఏమీ లేదు, ముందు కెమెరాలో ఏ బటన్ నొక్కినా టపటపా మెరుస్తోంది. అంటే ఎల్ఈడీ బాగున్నట్టే కదా? మరి ఇంత బాగుండి మధ్యమధ్యలో ఎందుకు మూగబోతుంది? నిన్న రాత్రి మళ్ళీ అంతే. నాన్న రిమోట్ నాకిచ్చారు, నేను ఇటు తిప్పి అటు తిప్పి ఒక దెబ్బ వేశా, పనిచేసింది. ఆయన నావైపు చూసిన చూపు ఏంటంటే, నాకు ఇంజినీరింగ్ చదివించిన డబ్బులు వసూలైనట్టు.

అంబర్‌పేట్_నైట్‌డ్యూటీ
హాల్లో ఏం లైటుంది? మా ఇంట్లో టీవీకి ఎదురుగా పాత సీఎఫ్ఎల్ ఉండేది. అది వెలిగితే రిమోట్ పడకేసేది. పగలు శుభ్రంగా పనిచేసేది, రాత్రి డ్యూటీకి వచ్చేది కాదు. సీఎఫ్ఎల్ నుంచి కూడా ఇన్‌ఫ్రారెడ్ మిణుకులు వచ్చి బాక్సు కంట్లో పడతాయంట. తీసేసి ఎల్ఈడీ బల్బు పెట్టా, పోయింది రోగం.

మల్కాజిగిరి_మురళి
మాది ఎల్ఈడీ ట్యూబే. పగలు కూడా ఇదే వరస.

ఇరానీ_చాయ్
బాక్సు ముంగట ఏమన్న అడ్డమున్నదా? మా చిన్నమ్మ ఇంట్ల బాక్సు మీద క్రోషా గుడ్డ కప్పిన్రు. కండ్లకు గంతలు గట్టి, ఇంక పలుకుతలేదంటే ఎట్ల.

మల్కాజిగిరి_మురళి
ఏమీ లేదు. అద్దం బల్ల మీద ఖాళీగా కూర్చుని ఉంది. దాని బటన్లు నేరుగా నొక్కితే వెంటనే పలుకుతుంది.

ఉప్పల్_స్పిన్నర్
నేలమీద పడిందా? చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గలగల వస్తుందా? మా దాన్ని పిల్లాడు ఐపీఎల్ ఫైనల్ రోజు గోడకేసి కొట్టాడు. (మా జట్టు ఓడింది, వాడి బాధ నిజమే.) లోపల 455 కిలోహెర్ట్జ్ రెజొనేటర్ అని చిన్న రంగు బిళ్ళ, దాని కాలు విరిగింది. రిమోట్‌కి లయ ఇచ్చేది అదే. 455ని 12తో భాగిస్తే దాదాపు 38 వస్తుంది, సుబ్బు గారు చెప్పిన 38 వేల మిణుకులు అక్కణ్ణుంచే. కోఠిలో పది రూపాయలకి కొత్తది దొరికింది.

సోల్డరింగ్_సుబ్బు
చాలా పాత రిమోట్లలో అంతే. కొత్త వాటిల్లో చాలావరకు ఆ పని చిప్ తానే చేసుకుంటుంది. మురళి గారిది అది కాదులెండి. రెజొనేటర్ విరిగితే పనిచేయదు, అంతే. మూడు వారాలకోసారి సెల్స్ తినదు.

పాతటీవీ_మేష్టారు
సెల్స్ గొడవ చదువుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీ తెచ్చిన రిమోట్‌లో అసలు సెల్సే లేవు. లోపల అల్యూమినియం కడ్డీలు, బటన్ నొక్కితే చిన్న సుత్తి కడ్డీ మీద పడేది. మన చెవికి అందని శబ్దం, దాన్ని టీవీ పట్టుకునేది. ఒక్కో కడ్డీకి ఒక్కో స్వరం. సెల్స్ ఎందుకు వద్దన్నారంటే, సెల్స్ అయిపోతే జనం టీవీయే పాడైందనుకుంటారని అమ్మకాలవాళ్ళ భయం. మురళి గారు బాక్సుని అనుమానిస్తున్నారు, వాళ్ళ భయం డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా నిజమే. దానికి ముందు ఏడాది, 1955లో, వెలుతురుతో నడిచేది తెచ్చారు. టీవీ నాలుగు మూలలా వెలుతురుని పట్టే కళ్ళు, చేతిలో టార్చి లాంటిది. కిటికీలోంచి ఎండ పడితే టీవీ దానంతట అదే పనులు మొదలుపెట్టేదట.

ఇరానీ_చాయ్
మేష్టారూ, సుత్తి కొడితె నడిచే రిమోట్ గప్పుడే ఉండెనా! మురళన్న కూడ కొట్టే నడుపుతున్నడు గదా.

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్
నా సలహా: రీఛార్జబుల్ కొనేయండి. నాలుగు సెల్స్, ఒక ఛార్జరు, ఇక జన్మలో కిరాణా కొట్టు ముఖం చూడక్కర్లేదు.

సైనిక్‌పురి_పాతకాపు
రీఛార్జబుల్ 1.2 వోల్ట్. రెండు కలిపితే 2.4. రిమోట్‌కి 3 కావాలి. సెల్ సగం చచ్చినట్టు అది మొదటిరోజు నుంచే మూలుగుతుంది.

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్
మాది రెండేళ్ళుగా మూలగట్లేదండి. మీ 1.5 ఎంతసేపు 1.5గా ఉంటుందేంటి? ఆల్కలైన్ వాడుతుంటే మెల్లగా జారుతూనే ఉంటుంది, సగానికి వచ్చేసరికి అదీ 1.2 దగ్గరే. రీఛార్జబుల్ చివరి దాకా 1.2 దగ్గర నిలబడుతుంది. రిమోట్లు 2.4కి కూడా పనిచేసేలాగే చేస్తారు.

సోల్డరింగ్_సుబ్బు
ఇద్దరికీ చెరో సగం. వోల్టేజి గురించి ఆరో ఫేజ్ గారు చెప్పింది సరే. కానీ మామూలు రీఛార్జబుల్ వాడకపోయినా నెలల్లో దానంతట అదే దిగిపోతుంది. రిమోట్‌లాగా కొంచెం కొంచెంగా తినే వస్తువుకి ఆల్కలైనే సుఖం, లేదంటే ఛార్జి నిలుపుకునే రకం రీఛార్జబుల్ చూసి కొనాలి. రీఛార్జబుల్ అసలు చోటు పిల్లల బొమ్మ కార్లు.

సైనిక్‌పురి_పాతకాపు
నేనూ అదే అన్నా.

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్
అనలేదండి. పైకి వెళ్ళి చదువుకోండి.

నాచారం_బన్నీ_వాళ్ళమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పిల్లలున్న ఇళ్ళలో సౌండ్‌బార్‌కీ ఫ్యాన్‌కీ వచ్చే పల్చటి రిమోట్లు ఉంటాయి చూడండి, వాటిల్లో ఏఏఏ ఉండదు, రూపాయి బిళ్ళ లాంటి సెల్ ఉంటుంది. అది పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మా అక్క కూతురి విషయంలో మింగలేదని ఎక్స్‌రేలో తేలేదాకా మాకు ప్రాణాలు లేవు. సెల్ సోఫా కింద దొరికింది. ఆ సెల్ పెట్టే డ్రాయర్ ఊడి వచ్చేట్టుంటే టేపు వేయండి.

అంబర్‌పేట్_నైట్‌డ్యూటీ
అక్కా, మంచి మాట చెప్పినవ్. ఇప్పుడే మా ఫ్యాన్ రిమోట్‌కి టేపేసిన.

ఉప్పల్_స్పిన్నర్
మురళి గారూ, ఇంకో అనుమానం. బాక్సే నెమ్మదేమో? మా పాత బాక్సు వాన పడితే సిగ్నల్ వెతుక్కుంటూ బిగుసుకుపోయేది. రిమోట్ పలకట్లేదని అమ్మ పదిసార్లు నొక్కేది. సిగ్నల్ రాగానే ఆ పది నొక్కులూ ఒకదాని వెనక ఒకటి అమలయ్యేవి. భక్తి చానల్ నుంచి బయల్దేరి ఎక్కడో భోజ్‌పురిలో తేలేవాళ్ళం.

మల్కాజిగిరి_మురళి
అది కాదు. బాక్సు మీద నొక్కితే టక్కున మారుతుందని చెప్పా కదా. పాతకాపు గారి మాట మీద ఆల్కలైన్ కూడా వేసి చూశా, పదో జత అదే. ఐదు వారాలు అనుకున్నా, పందొమ్మిది రోజులొచ్చాయి. ఇంతకీ మల్టీమీటర్ ఉంది నా దగ్గర. తీసిన సెల్స్ 0.9 చూపిస్తున్నాయి. అంటే నిజంగానే తాగేస్తోంది. ఏది తాగుతోంది అన్నదే ప్రశ్న.

సోల్డరింగ్_సుబ్బు
0.9 అంటే పిప్పి కూడా మిగల్లేదు. ఆల్కలైన్‌ని పందొమ్మిది రోజుల్లో తాగిందంటే సెల్స్ మీద తప్పు లేదు. రిమోట్ విప్పండి. బోర్డు మీద టీ మరక, చెమ్మ, పచ్చటి తుప్పు ఏమన్నా ఉందా చూడండి. ఫోటో పెట్టండి.

మల్కాజిగిరి_మురళి
విప్పా. బోర్డు అద్దంలా ఉంది. తెల్లటి చారల్లేవు, తుప్పు లేదు. మళ్ళీ బిగించా. నాన్న "ఇంకా ఎంతసేపురా" అంటున్నారు.

కోఠి_కాకా
నేను జెప్పింది ఇంటె గిప్పటికి రెండు రిమోట్లు కొనొచ్చు.

లాలాపేట_లక్ష్మి
బాబూ మురళీ, నాకు ఈ కిలోహెర్ట్జులు తెలియవు. మొదట్లో మూత ఊడితే రబ్బరు బ్యాండు వేశామన్నావు. అది వెనక మూత మీద నుంచి వచ్చి ముందువైపు ఎక్కడ నుంచి పోతోంది? గాలిలోంచి పోదు కదా. ఏ బటన్ మీద ఉంది?

ఇరానీ_చాయ్
...

ఉప్పల్_స్పిన్నర్
అమ్మో.

సోల్డరింగ్_సుబ్బు
నేను మొదటి పోస్టులో "ఏదో బటన్ ఎప్పుడూ నొక్కుకుని" అని రాసి, మురళి గారు బటన్లు బాగున్నాయనగానే వదిలేశా. ఆయన బటన్లు చూసింది, విప్పి చూసింది, అన్నీ రబ్బరు బ్యాండు తీశాకే కదా. మురళి గారూ, బ్యాండు వేసి, లైట్లార్పి, ఏ బటనూ ముట్టుకోకుండా ముందు కెమెరాలో చూడండి.

ఇరానీ_చాయ్
మురళన్న సప్పుడు లేదు. అరగంటైంది.

అంబర్‌పేట్_నైట్‌డ్యూటీ
నాన్నగారు వార్తలు పెట్టమన్నారేమో.

మల్కాజిగిరి_మురళి
లక్ష్మి గారూ, మీకు సాష్టాంగం.

రబ్బరు బ్యాండు రెండు చుట్లు. ఒక చుట్టు ఓకే కిందుగా ఖాళీ జాగాలోంచి పోతోంది. రెండోది అడుగున ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం బటన్ల వరస ఉంటుంది కదా, దాని మీదుగా. సరిగ్గా ఆకుపచ్చ మీద బిగుసుకుని కూర్చుంది. చీకట్లో కెమెరా పెడితే రిమోట్ బల్ల మీద దానంతట అది మెరుస్తోంది. ఎవరూ ముట్టుకోలేదు. మా ఆవిడా నేనూ ఇద్దరం నిలబడి చూశాం, దయ్యం సినిమా చూస్తున్నట్టు. మేం ఆ ఆకుపచ్చ బటన్ కొన్న రోజు నుంచి ఎప్పుడూ నొక్కలేదు, దాంతో టీవీలో ఏమీ జరగదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

బ్యాండు కొంచెం పక్కకి జరిపితే మెరుపు ఆగింది. మళ్ళీ జరిపితే మొదలైంది. నేను కొట్టే దెబ్బకి జరిగేది అదన్నమాట.

సోల్డరింగ్_సుబ్బు
రెండు జబ్బులకీ మందు ఒక్కటే. ఆకుపచ్చ నొక్కుకుని ఉండగా నాన్నగారు ఇంకో బటన్ నొక్కితే, చిప్‌కి ఒకేసారి రెండు బటన్లు కనిపిస్తాయి. ఏదీ పంపదు, లేదా మొదటిదే పంపుతూ కూర్చుంటుంది. అదే మీ మౌనవ్రతం.

సెల్స్ లెక్క కూడా వేద్దాం, ఉజ్జాయింపుగా. నొక్కి పట్టుకుంటే రిమోట్ ప్రతి పదోవంతు సెకనుకీ చిన్న "ఇంకా నొక్కే ఉంది" సంకేతం పంపుతుంది. మెరిసిన క్షణంలో ఎల్ఈడీ వంద మిల్లీఆంపియర్లు తీసుకుందనుకున్నా, మధ్యలో ఖాళీలు కలిపితే సగటు రెండు మూడు మిల్లీఆంపియర్లు. 500 కెపాసిటీ ఉన్న సెల్ ఆగకుండా అలా మెరిస్తే వారం రోజులు. మీ బ్యాండు రోజులో కొంతసేపే బటన్ మీద ఉంటోంది కాబట్టి మూడు వారాలు. ఆల్కలైన్ వేసినప్పుడు మాత్రం బ్యాండు కాస్త గట్టిగా కూర్చుని ఉంటుంది. కొన్ని రిమోట్లు బటన్ చాలాసేపు నొక్కి ఉంటే వాటంతట అవే ఆపేస్తాయి. మీదానికి ఆ తెలివి పెట్టలేదు.

పాతటీవీ_మేష్టారు
ముందున్న రిమోట్‌కి కూడా బ్యాండు ఉండేదా?

మల్కాజిగిరి_మురళి
అటక మీద నుంచి దించి చూశా మేష్టారూ. దాని మూత అసలు లేనేలేదు. బ్యాండు ఇంకా దానికే ఉంది, ఎండకి కరిగి ప్లాస్టిక్‌కి అంటుకుపోయింది. నీలం బటన్ మీద. సెల్స్ వేసి చూస్తే శుభ్రంగా పనిచేస్తోంది. బాగున్న రిమోట్‌ని పక్కన పడేసి డబ్బులు పోసి ఇంకోటి కొన్నాను.

కోఠి_కాకా
గల్లీలోళ్ళకు గిరాకీ ఎట్లొస్తదనుకున్నవ్?

సైనిక్‌పురి_పాతకాపు
ఏదేమైనా ఆల్కలైన్ మంచిదే.

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్
లక్ష్మి గారూ, వడియాల మాట వెనక్కి తీసుకుంటున్నా.

లాలాపేట_లక్ష్మి
తీసుకోకు బాబూ, మా ఇంటికొస్తే గుమ్మడి వడియాలు వేయించి పెడతా. నేను కుట్టుపని చేస్తాను. గుడ్డ ఎక్కడ బిగుస్తోందో చూడ్డమే మా పని. మూతకి రబ్బరు వద్దు, దెబ్బకి వేసే ప్లాస్టర్ వేయండి, తీసి వేసుకోవచ్చు, జిడ్డు అంటదు.

మల్కాజిగిరి_మురళి
చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు కాబట్టి చెబుతున్నా, రెండు నెలలైంది. అదే జత సెల్స్. మీటర్‌లో 1.5కి కొంచెం తక్కువ. ప్లాస్టర్ వేశాం. దసరాకి వచ్చిన మా చెల్లెలు రిమోట్‌కి దెబ్బ తగిలిందా అని అడిగింది. పాత రిమోట్ ఇప్పుడు నాన్న మంచం దగ్గర స్పేర్. ఆయన మాత్రం ఈ కథంతా విని, "రబ్బరు బ్యాండు వేసింది నువ్వే కదరా" అని పేపర్ తీసుకున్నారు.

ఇరానీ_చాయ్
అన్నా, మా ఏసీ రిమోట్ల సెల్స్ జల్ది అయితున్నయి. దానికి లబ్బరు లేదు, పాలిథిన్ కవర్ ఉన్నది. గదేనా?

సోల్డరింగ్_సుబ్బు
కవర్ కొనలు ఎక్కడ ముడి వేశారు?

ఇరానీ_చాయ్
ఆగు, సూసొస్త.